కరపత్రం అంటే రంపం

కవిత్వం మీద జరిగే ప్రతి వాదనలోనూ ఎవరో ఒకరు విసిరే మాట ఒకటుంది: "ఇది కవిత కాదు, కరపత్రం." 1970లో విరసం వచ్చాక విప్లవ కవుల మీద బాగా పడింది. ఆ తర్వాత స్త్రీవాదులకీ, దళిత, ముస్లిం కవులకీ వాటా దక్కింది. అన్నవాళ్ళు ఎప్పుడైనా నిఘంటువు తిరగేశారో లేదో గానీ, సంస్కృతంలో కరపత్రం అంటే రంపం. వడ్రంగి చేతిలో ఉండే మామూలు రంపమే. అమరకోశంలో క్రకచం, కరపత్రం పక్కపక్కనే ఉంటాయి, ఒకే వస్తువుకి రెండు పేర్లుగా. పత్రం అంటే ఆకు, రేకు. వేపాకునొకసారి వెలుగుకి పట్టి అంచు చూడండి, ఆ పేరు ఎందుకు పెట్టారా అని అడగరు.

మరాఠీలో ఇప్పటికీ రంపాన్ని కరవత్ అంటారు. కరపత్రమే నోళ్ళలో అరిగి అలా అయింది. మన కరపత్రం మాత్రం చేతికిచ్చే కాయితం అనే అర్థంలో విడిగా కట్టుకున్న సమాసం. రెంటికీ చుట్టరికం అంటగట్టాలని కాదు. కానీ తిట్టుగా వాడుతున్న మాటకి పళ్ళున్నాయని తెలిశాక, ఆ తిట్టు ముందులా వినపడదు.

మనకి రంపమే మాట. పాత నిఘంటువుల్లో బండి ఱ తో ఱంపము. తమిళంలోనూ రంపమే. కన్నడం వాళ్ళు క్రకచాన్ని గరగస చేసుకున్నారు. క్రకచం అనే పేరే చప్పుడు లోంచి వచ్చిందని వైయాకరణులు చెప్తారు, 'క్ర' అని మోగేది కాబట్టి. నా చెవికైతే అసలు కంటే గరగసలోనే ఆ చప్పుడు బాగా వినిపిస్తుంది. క్రకచం తెలుగు వాడుకలోకి దిగలేదు, కావ్యాల్లోనూ శాస్త్రాల్లోనూ ఉండిపోయింది. భాస్కరాచార్యుడి లీలావతిలో (1150) క్రకచ వ్యవహారం అని ఏకంగా ఒక భాగం ఉంది: దుంగని ఇన్ని కోతలు కోస్తే పని ఎంత అవుతుందని లెక్క. ఆ లెక్కంతా అయ్యాక భాస్కరుడు అనేది ఇది: కూలి మాత్రం పనివాళ్ళ ఒప్పుదల మీదా, సరుకు మెత్తనా గట్టినా అన్నదాని మీదా ఉంటుంది. గణిత గ్రంథంలో కూలివాడి ఒప్పుదలకి చోటుంది. రంపాన్ని పట్టుకున్న మనిషి అక్కడ కనిపిస్తాడు.

మన కథల్లో కనిపించడు. అక్కడ రంపం ఉంటే కోత ఉంటుంది. "గుండెని రంపంతో కోసినట్టు", "మాటల రంపపు కోత". అత్తగారి ఆరళ్ళైనా, విడాకులైనా, కొడుకు అమెరికా వెళ్ళినా అదే కోత. ఈ పోలిక అరిగిపోయిందన్నది చిన్న ఫిర్యాదు. పెద్ద ఫిర్యాదు వేరే: ఇది పూర్తిగా చెక్క వైపు నుంచి చూసిన పోలిక. ఇదే వడ్రంగి సంచి లోంచి ఉలినీ చిత్రికనీ రచయితలు తమ కోసం తీసేసుకున్నారు. వాక్యాన్ని "చెక్కుతారు", కథని "చిత్రిక పడతారు", మేం విమర్శకులం మెచ్చుకుంటాం. సుత్తి హాస్యానికి పోయింది. జంధ్యాల నాలుగు స్తంభాలాట (1982) పుణ్యమా అని మనందరి నోటి మాట. తమిళులు రంపాన్నే విసిగించేవాడికి పేరు పెట్టేశారు. మనం దాన్ని ఏడవడానికి ఉంచుకున్నాం.

తెలుగులో నాకు తెలిసిన గొప్ప రంపం దృశ్యం మయూరధ్వజుడి కథ. పిల్లలమర్రి పినవీరభద్రుడు 15వ శతాబ్దంలో తెలుగు చేసిన జైమిని భారతం ద్వారా మనకి దగ్గరైన కథ. ముసలి బ్రాహ్మడి వేషంలో వచ్చిన కృష్ణుడు రాజు శరీరంలో సగం అడుగుతాడు. భార్యా కొడుకూ చెరో పక్కా రంపం పట్టుకుంటారు. కోస్తుండగా రాజు ఎడమ కంట్లో నీళ్ళు. ఏడుస్తూ ఇచ్చేది నాకొద్దంటాడు బ్రాహ్మడు. ఏడుస్తున్నది నొప్పికి కాదు, కుడి సగానికే దానమయ్యే భాగ్యం దక్కిందని ఎడమ సగం బాధపడుతోంది, అంటాడు రాజు. ధ్వజస్తంభం పుట్టుక గురించి గుళ్ళో చెప్పే కథ కూడా ఈ రాజుదే. భక్తి సంగతి అటుంచండి. ఇక్కడ రంపం నొప్పికి గుర్తు కాదు, కొలతకి గుర్తు. సగం ఎక్కడ, ఏ సగం ఎవరిది అన్న ప్రశ్న దాంతో వస్తుంది. ఇంకోటి, రంపానికి రెండు కొసలుంటాయనీ, వాటిని పట్టుకున్నది ఇంట్లోవాళ్ళేననీ ఈ కథ మర్చిపోదు. మన "రంపపు కోత" కథలన్నిటి కంటే ఇదే నాకు ఎక్కువ భయంగా ఉంటుంది.

పనిముట్టు తెలిస్తే పోలిక మారుతుంది. రంపం పళ్ళు వరసగా ఒకే తిన్నగా ఉండవు. ఒకదాన్ని కుడికీ, పక్కదాన్ని ఎడమకీ కాస్త వంచుతారు. అలా వంచితేనే కోత రేకు మందం కంటే వెడల్పుగా పడి, రేకు లోపల ఆడుతుంది. వంపు లేకపోతే చెక్క రేకుని బిగబట్టేస్తుంది. ఎంత బలమున్నా సగంలో ఇరుక్కుంటుంది. ఆకురాయితో ఎంత పదును పెట్టినా ఆ జబ్బు పోదు. నినాద కవితల్లో నన్ను ఇబ్బంది పెట్టేవి సరిగ్గా ఇలాంటివే: పదునుంది, కోపం నిజమైనదే, కానీ అన్ని పళ్ళూ ఒకే వైపుకి. అవతలి మాట ఒక్క పంక్తిలోనైనా వంగి లోపలికి రాదు. అవి కరపత్రాలు కావడం వాటి లోపం కాదు. నిజానికి అంత దూరం కూడా వెళ్ళలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో మాండలిక వృత్తి పదకోశం మొదలై, 1962లో వ్యవసాయ పదాలూ, 1971లో చేనేత పదాలూ పుస్తకాలుగా వచ్చాయి. కవులు వీటిని పద్యాల కోసం తిరగేసిన జాడ నాకు పెద్దగా కనిపించదు. పనివాళ్ళ పదాలు సాహిత్యంలోకి రావాలని ఉపన్యాసాలు మాత్రం బోలెడు.

చివరిగా పొట్టు సంగతి. రెండు ముక్కల్నీ మళ్ళీ కలిపి కొలవండి, అసలు పొడవు రాదు. మధ్యలో రంపం తినేసినంత మేర పొట్టై నేల మీద ఉంటుంది, అది ఏ ముక్కదీ కాదు. అన్నదమ్ముల పంపకాల మీద మనకి లెక్కలేనన్ని కథలున్నాయి, ఎవరి వాటా ఎంత, ఎవరికి అన్యాయం జరిగింది అని. రెండు వాటాల్లోనూ లేకుండా పోయిన ఆ కాస్త గురించి రాసిన కథ నాకింకా తగల్లేదు. మీకు తగిలితే చెప్పండి.