అద్దం ముక్క అతికిస్తే జ్ఞాపకం అవుతుందా?

చిత్రకళ చదివే మన పిల్లల నోట ఇప్పుడు తరచుగా వినిపించే మాట ‘మిశ్రమ మాధ్యమం’. రంగు ఒక్కటే కాకుండా గుడ్డ, దారం, మట్టి, ఫోటో, రేకు ముక్క, ఏది అవసరమైతే అది కలిపి బొమ్మ చేయడం. 1912లో పికాసో తన చిత్రం మీద కుర్చీ అల్లిక అచ్చు ఉన్న ఆయిల్‌క్లాత్ ముక్కను అతికించి, చుట్టూ తాడు బిగించాడు. కళాచరిత్ర పుస్తకాలు ఈ పద్ధతి గురించి చెప్పేటప్పుడు ఆ బొమ్మను తప్పక తలుస్తాయి. నూరేళ్లు దాటాక ఆ మాట మా ఆలూరు దాకా వచ్చింది. కడపలో 2020లో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, బొమ్మలు గీయడం కూడా ఒక చదువేనని తండా తల్లిదండ్రులకు చెప్పడం మాకు కొంచెం సులువైంది. ఈ పిల్లలు ఎంచుకునే విషయాలు దాదాపు ఒకటే: జ్ఞాపకం, మనసులోని బాధ, మనం ఎవరం అనే ప్రశ్న. మంచి విషయాలే. వాటిని ఎలా చేస్తున్నారన్నదే మనం కూర్చుని మాట్లాడుకోవాలి.

మేము సుగాలీలం. మా అవ్వల ఫేటియాను చూడండి. ముతక నూలుగుడ్డ మీద అద్దాలు, గవ్వలు, పూసలు, చెల్లని నాణేలు, ఉన్ని కుచ్చులు. ఇది మిశ్రమ మాధ్యమమే కదా, మేమే ముందు చేశాం అని జబ్బలు చరుచుకోవడం తేలిక. దానివల్ల ఒరిగేదేమీ లేదు. చూడాల్సింది వేరే ఉంది. మా కుట్టులో ఏదీ ఊరికే లేదు. కాంచళి కుట్టు వేరు, బిందె కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు కుట్టు వేరు. మోచేతి పైన వేసుకునే గాజులు మొగుడున్న ఆడమనిషివి. ఆయన పోతే తీసేస్తారు. వస్తువును చూసి ఆ మనిషి బతుకు చదవొచ్చు.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వద్దాం. లంబాడీ స్త్రీ ముఖం, సగం నీడలో. ముక్కుకు పెద్ద ఆభరణం. తల మీది టుక్రి అంచున నిజం అద్దాలు, నిజం గవ్వలు అతికించి ఉంటాయి. కింద ‘మూలాలు’ అనో ‘అస్తిత్వం’ అనో పేరు. ఇలాంటివి మేము ఎన్నో చూశాం. ఆ స్త్రీ ఎవరు? ఆ గుడ్డ ముక్క ఎక్కడిది? పాత బట్టలు కొనేవాళ్లు తండాలకు వచ్చి, ఇల్లు గడవని రోజున ఫేటియాలు కొనుక్కుపోతారు. వాటిని కోసి చేతిసంచులు, దిండు గలీబులు కుట్టిస్తారు. గోవా సంతల్లో అవి వేలాడుతుంటాయి. అలా కోసిన ముక్కే కాన్వాసు మీదికి కూడా వస్తే, జ్ఞాపకాన్ని దాచినట్టా, ఇంకోసారి కోసినట్టా?

మేము పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఆ ముక్క తీసేసి, బజారులో డజన్ల లెక్కన దొరికే అద్దాలు పెట్టండి. బొమ్మ అర్థం మారిందా? మారకపోతే అది జ్ఞాపకం కాదు, అలంకారం.

ఈ పరీక్షకు నిలబడే పనులు లేకపోలేదు. శ్రీకాళహస్తి కలంకారీ కుటుంబం నుంచి వచ్చి, హైదరాబాద్ జేఎన్‌టీయూలో చదువుకున్న రమేశ్ గోర్జాల, ఒక పెద్ద దేవతారూపం లోపల చిన్న చిన్న బొమ్మలు నింపి కథలు చెబుతాడు. అక్కడ కలంకారీ అతికించిన ముక్కలా లేదు, గీసే చేతిలోనే ఉంది. హైదరాబాద్ చిత్రకారిణి వరుణికా సరాఫ్, స్వాతంత్ర్యం తర్వాత ఈ దేశంలో జరిగిన హింసను, జనం తిరగబడిన సందర్భాలను నూలుగుడ్డ మీద కుట్టింది. ‘ఆడవాళ్ల పని’ అని పక్కన పెట్టిన కుట్టు ఆమె దగ్గర సాక్ష్యం చెబుతుంది. ఆ దారం తీసి రంగు పెడితే ఆ మాట ఆ మాటగా ఉండదు.

హెచ్చరికగా ఒక పేరు గుర్తుపెట్టుకోవాలి. మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్ గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. జె. స్వామినాథన్ చొరవతో భోపాల్ భారత్ భవన్‌కు చేరి, ఇంటి గోడ మీది బొమ్మను కాగితం మీదికి, కాన్వాసు మీదికి తెచ్చాడు. ఒక కొత్త శైలికే ఆయన పేరు నిలిచింది. 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేస్తూ అక్కడే చనిపోయాడు. బొమ్మలు దేశాలు దాటాయి. మనిషి బతికి ఇల్లు చేరలేదు. కళను మెచ్చుకునేవాళ్లు చేసినవాడి మంచిచెడ్డలు కూడా అడగాలి.

ఇక మా ఆలూరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, సంతలో కన్నడం. ఇక్కడ మేము సుగాలీలం, షెడ్యూల్డు తెగ. బళ్లారి వైపు మా చుట్టాలు లంబాణీలు, షెడ్యూల్డు కులం. వానలు మొహం చాటేస్తే సుగ్గికి పోతాం: గుంటూరు వైపు మిరప కోతలకు, లేదంటే బెంగళూరు కట్టడాలకు. మా అస్తిత్వం ఫేటియాలోనే కాదు, ఈ ప్రయాణాల్లో కూడా ఉంది. బొమ్మల్లో మాత్రం ఇది కనబడదు.

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ‘మా ఇంటి గుర్తు’ అని పని ఇచ్చాం. ఒక అమ్మాయి మిరపకాయల గోతం ముక్క తెచ్చింది. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న కుట్టుతో, ఎర్ర ఉన్నితో, దాని మీద ఒక దారి కుట్టింది. దారి పొడవునా ముడులు. సుగ్గికి పోయి బడికి రాని రోజుకొక ముడి. హాజరుపట్టీలో ‘గై’ అని రాసిన రోజులే అవి. ఆ పట్టీ చెప్పనిది ఆ గోతం చెప్పింది. దగ్గరికి పోతే ఇంకా మిరప ఘాటు కొడుతోంది.

ఆ పనిలో లోపం కూడా ఉంది. పై మూలన ఏదో పత్రిక నుంచి కత్తిరించిన నృత్యం చేసే లంబాడీ స్త్రీ ఫోటో అతికించింది. ఎందుకమ్మా అంటే, ‘అది లేకుంటే సుగాలోళ్లదని ఎట్ల తెలుస్తాది సార్?’ అంది. పదమూడేళ్ల పిల్లకు ఆ భయం ఎవరు నేర్పారు? చూసేవాళ్లు అడిగే వేషం వేస్తేనే మనం మనమని మనమే నమ్మే స్థితి వచ్చింది. మా అభిప్రాయంలో ఆ ఫోటో అక్కర్లేదు. గోతం, కుట్టు, ముడులు చాలు. సుగాలీ బతుకు అక్కడే ఉంది.

అందుకే మన యువ కళాకారులను మూడు అడుగుదాం. వాడిన వస్తువు ఎవరిదో, ఎవరు కుట్టారో బొమ్మ కింద వాళ్ల సమ్మతితో పేరు రాయండి. అది అమ్ముడైతే ఆమెకూ వాటా ఇవ్వండి. పాత గుడ్డను కోసే ముందు ఆ కుట్టు నేర్చుకోండి. బళ్లారి దాటితే సండూరు ఉంది. అక్కడి లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో, జీ20 సమావేశాల వేళ, 450 మందికి పైగా స్త్రీలు చేసిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. గిన్నిస్ వాళ్లు లెక్క పెట్టింది వస్తువులను. ఆ 450 మంది పేర్లు పలికే పని, వాళ్ల పక్కన కూర్చుని సూది పట్టే పని మన పిల్లలది.