పద్దెనిమిది గంటల పనితనం

సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి దగ్గరి దారి దాదాపు 15,300 కిలోమీటర్లు. భూమ్మీద ఎక్కడి నుంచైనా అన్నిటికన్నా దూరపు చోటు 20,000 కిలోమీటర్లే కాబట్టి, ఇది అందులో నాలుగింట మూడు వంతులు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కడా దిగకుండా పద్దెనిమిదిన్నర గంటలకు కాస్త అటూ ఇటూగా ఈ దూరం దాటుతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు పట్టే నాలుగున్నర గంటల ప్రయాణాన్ని వరసగా నాలుగుసార్లు చేస్తే ఎంతో, అంత.

ఇంధనం ఎక్కువ పోసుకుంటే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఇంధనానికీ బరువుంది, ఆ బరువు మోయడానికి మళ్లీ ఇంధనం కాలాలి. ఈ పీటముడిని ఎయిర్‌బస్ ఇంజనీర్లు విప్పిన తీరు నిజంగా ముచ్చటేస్తుంది. ఈ దారిలో ఎగిరే ఏ350-900 యూఎల్‌ఆర్ అనే రకానికి వాళ్లు అదనపు ట్యాంకు ఒక్కటీ పెట్టలేదు. ఉన్న ట్యాంకుల్లోనే పైపులు, సెన్సర్ల అమరిక మార్చి, 1,41,000 లీటర్లు పట్టే చోట 1,65,000 లీటర్లు పట్టించారు. నిండా పోస్తే ఇంధనమే సుమారు 130 టన్నులు. విమానం గాల్లోకి లేవగల గరిష్ఠ బరువు 280 టన్నులు. అంటే దాదాపు సగం ఇంధనమే! అందుకే మిగతా బరువులో కోత తప్పలేదు. ముందువైపు కార్గో అర వాడరు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దూర ప్రయాణాల మామూలు ఏ350లో 253 సీట్లుంటే, ఇందులో 161 మాత్రమే. ఎకానమీ తరగతే లేదు.

అంతకన్నా గొప్పగా నాకు కనిపించేది దారి గీసే పని. రెండు ఊళ్ల మధ్య దూరం మారదు గానీ దారి రోజూ మారుతుంది. నేల మీద కూర్చున్న డిస్పాచర్లు ఆ రోజు గాలిని చూసి దాన్ని నిర్ణయిస్తారు. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోడైతే, వందల కిలోమీటర్లు చుట్టు తిరిగినా ముందే చేరవచ్చు. 2018 అక్టోబర్ 11న సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు ఈ విమానం తొలిసారి బయల్దేరినప్పుడు 17 గంటల 52 నిమిషాల్లో దిగింది. షెడ్యూలుకన్నా ముందే.

ఎత్తు కూడా లెక్క ప్రకారమే. బయల్దేరేటప్పుడు బరువు కారణంగా విమానం మరీ పైకి పోవడం కుదరదు. ఇంధనం తరిగేకొద్దీ మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ఉత్తరాదిన చలి మరో పరీక్ష. అమెరికాలో పోసే జెట్ ఏ ఇంధనం గడ్డకట్టే హద్దు మైనస్ 40 డిగ్రీలు. మిగతాచోట్ల ఎక్కువగా పోసే జెట్ ఏ-1కు మైనస్ 47. ట్యాంకులోని ఇంధనపు ఉష్ణోగ్రత ఆ హద్దుకు దగ్గర పడకుండా, వంతులవారీగా పనిచేసే నలుగురు పైలట్లు కనిపెట్టుకుని ఉంటారు.

2004లో సింగపూర్ ఎయిర్‌లైన్సే నాలుగు ఇంజన్ల ఏ340-500తో నెవార్క్‌కు ఇలాగే నేరుగా నడిపింది. ఇంధన ఖర్చు మోయలేక 2013లో ఆపేసింది. అదే పనిని ఇప్పుడు రెండు ఇంజన్లు చేస్తున్నాయి. వేగం పెరగలేదు, పొదుపు పెరిగింది. నా దృష్టిలో ఈ కాలపు విమాన నిర్మాణంలో అసలైన ఘనత అదే.