బొమ్మలు అటకెక్కే వయసు

మా పిన్ని కూతురు పెద్దమనిషైన వారంలోనే తన లక్కపిడతలన్నీ గోనెసంచిలో కట్టి అటకెక్కించారు. 'ఇంకా చిన్నపిల్లవా?' అన్నాం అందరం. తను ఏడవలేదు. చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అంతే. తనకి ఆటిజం ఉందని తెలిసింది మరో పదేళ్ళకి. అప్పటిదాకా మాకు తను ఒట్టి మొండిపిల్ల. ఇప్పుడు ఇరవయ్యేడేళ్ళు. ఇంటినుంచే రెండు షాపుల లెక్కలు రాస్తుంది. పనయ్యాక తలుపు వేసుకుని, ఎవరికీ వినపడకుండా టామ్ అండ్ జెర్రీ చూస్తుంది. ఈ తలుపు వేసుకోవడం గురించే నా బాధంతా. (ఇది రాయడానికి తన అనుమతి తీసుకున్నాను.)

ఇద్దరం కలిసి 'లైఫ్, యానిమేటెడ్' చూశాం. జర్నలిస్టు రాన్ సస్కిండ్ తన కొడుకు ఓవెన్ గురించి 2014లో రాసిన పుస్తకం ఆధారంగా రోజర్ రాస్ విలియమ్స్ 2016లో తీసిన డాక్యుమెంటరీ ఇది. మూడేళ్ళ వయసులో ఓవెన్‌కి మాటలు పోయాయి. డిస్నీ కార్టూన్ల మీద ఇష్టం మాత్రం పోలేదు. చూసినవే చూసి సంభాషణలన్నీ కంఠతా పట్టాడు. అన్న తొమ్మిదో పుట్టినరోజున దిగాలుపడితే, మోగ్లీలా, పీటర్ పాన్‌లా అన్నకీ పెద్దవడం ఇష్టం లేదని ఓవెన్ చెప్పాడు. తర్వాత తండ్రి దుప్పటికింద దాక్కుని, 'అల్లాదీన్'లోని ఇయాగో చిలకబొమ్మని చేతికి తొడుక్కుని ఆ గొంతుతో పలకరిస్తే జవాబిచ్చాడు. కళ్ళు చెమర్చే ఘట్టం.

ఇరవైలు దాటిన ఓవెన్ కార్టూన్లు చూడటాన్ని ఈ సినిమా ఎక్కడా వెక్కిరించదు. అతనికి ప్రేమా ఉంది, ఆ ప్రేమ విఫలమైన దుఃఖమూ ఉంది. కార్టూన్లు ఇష్టపడేవాడు పెద్దవాడు కాలేడన్న అపోహని అది నిశ్శబ్దంగా చెరిపేస్తుంది. అయినా నాకో పేచీ ఉంది. ఓవెన్ ఇష్టానికి సినిమా ఇచ్చే సమర్థన ఒక్కటే - దానివల్ల మాటలొచ్చాయి. తండ్రి ఈ పద్ధతికి 'అఫినిటీ థెరపీ' అని ప్రచారం కూడా చేశాడు. మరి మాటలు రాకపోతే? ఆ ఇష్టం దేనికీ పనికిరాకపోతే? అప్పుడు టీవీ కట్టేయొచ్చా? ఆడవాళ్ళకి ఈ తర్కం కొత్తది కాదు. మనం చదువుకుంటే పిల్లల్ని బాగా పెంచుతామన్నారు, పాట నేర్చుకుంటే పెళ్ళిచూపులకి పనికొస్తుందన్నారు. ఉపయోగమనే సర్టిఫికెట్ లేకుండా మన సంతోషమేదీ గడప దాటలేదు.

ఇంకొకటి గమనించండి. పెద్దవడానికి ఇష్టపడని మోగ్లీ, పీటర్ పాన్ ఇద్దరూ మగపిల్లలే. 1953లో వచ్చిన డిస్నీ 'పీటర్ పాన్'లో, పిల్లల గదిలో వెండీకిదే ఆఖరి రాత్రని ఆజ్ఞాపించేది తండ్రి. చివరికి పెద్దవడానికి సిద్ధమేనని ఆ పిల్లే ఒప్పుకుంటుంది. 1967 నాటి 'జంగిల్ బుక్'లో మోగ్లీ ఊళ్ళోకి వెళ్ళేది నీళ్ళకొచ్చిన ఓ అమ్మాయి వెంట. "ఆ పిల్లకి ఎన్నేళ్ళుంటాయక్కా? అప్పుడే కుండ ఎత్తేశారే!" అంది మా చెల్లి. ఏ స్త్రీవాద విమర్శా అక్కర్లేకుండానే పట్టేసింది.

వైద్యం చూపు కూడా అటే తిరిగింది. 1943లో లియో కానర్ వర్ణించిన పదకొండుమందిలో ఆడపిల్లలు ముగ్గురు. 1944లో హాన్స్ ఆస్పెర్గర్ వివరించిన నలుగురూ మగపిల్లలే. మగపిల్లాడు గంటల తరబడి రైలుబొమ్మలు వరసగా పేరిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. ఆడపిల్ల లక్కపిడతలు పేరిస్తే 'ఎంత బుద్ధిమంతురాలో' అంటారు. ఆడే వస్తువు 'ఆడపిల్లలది' కాబట్టి ఆ ఆటలోని తీవ్రత కనపడదు. అలా చిన్నప్పుడు మెచ్చుకున్న ఆటే రజస్వల కాగానే సిగ్గుచేటవుతుంది.

పోనీ మన సమాజానికి పెద్దాడవాళ్ళ బొమ్మలంటే పడదా? సంక్రాంతికి అరవయ్యేళ్ళ బామ్మ మెట్లు కట్టి బొమ్మల కొలువు పెడితే చుట్టుపక్కల అందరూ పేరంటానికి వస్తారు. అది కుటుంబ మంగళం. అంటే అభ్యంతరం బొమ్మ మీద కాదు, తనకోసం తాను ఆడుకునే స్త్రీ మీద.

పిన్నిని తప్పుపట్టడం తేలిక. పెళ్ళివారు చూస్తే ఏమనుకుంటారో, తనని పసిపిల్లని చేసి ఎవరు మోసం చేస్తారోనన్న ఆమె భయం ఉత్తది కాదు. కానీ చెల్లిని పసిపిల్లని చేసేది లక్కపిడత కాదు, మన చూపు. తన జీతం తను లెక్కపెట్టుకునే మనిషి సాయంత్రం ఎలా సేదతీరాలో మనమెందుకు నిర్ణయించాలి?

మొన్న సంక్రాంతికి పిన్నే ఆ గోనెసంచి కిందికి దించింది. చెల్లి ఒక్కొక్కటీ తుడిచి రంగులవారీగా పేర్చింది. ఎర్రమూత ఒకటి పోయిందని వెంటనే చెప్పింది. "కొలువులో పెడదామే, బాగుంటాయి" అంది పిన్ని ముచ్చటగా.

"కొలువుకి కాదమ్మా. ఇవి నావి" అంది చెల్లి.

ఆ రాత్రి తన గది తలుపు తీసే ఉంది.