క్యూలో ఉన్న ఉత్తరం

2018 డిసెంబరు 17 మధ్యాహ్నం పెథాయ్ తుపాను తీరం దాటింది మా కాట్రేనికోన దగ్గరే. ముందురోజు నుంచే ముసురు, ఎముకలు కొరికే చలిగాలి. బలుసుతిప్ప, పల్లం వైపు పడవలు ఒడ్డుకి లాగేశారు. కరెంటు పోయింది, కాసేపటికి ఇంటర్నెట్ లైనూ పోయింది. నేను మెయిల్ సర్వర్ చూసే ఆఫీసు రొయ్యల వ్యాపారానిది. సీడు, మేత, పట్టుబళ్లు, కౌంటు వారీ రేట్లు, రైతుల బాకీలు, అన్నీ అక్కడే. ఇన్వర్టర్ మీద సర్వరు, స్విచ్చి, రెండు కంప్యూటర్లు నడుస్తున్నాయి. ముందుగదిలోంచి గుమాస్తాగారు వెనకగది అకౌంట్స్‌కి ఓ మెయిల్ పెట్టారు. ఏ చెరువు సరుకు మంచులో పెట్టి ఉంది, ఏ లారీ ఎక్కడ ఆగింది, ఆ వివరాలు. అది రెప్పపాటులో చేరింది. చెన్నైకి పెట్టిన మెయిల్ మాత్రం కదల్లేదు.

"ఇక అందదాండీ?" అన్నారాయన.

"అందుతుందండి. క్యూలో ఉంది" అన్నాను.

ఆ రెండు మెయిళ్ల మధ్య ఉన్న తేడాలోనే నా పనంతా ఉంది. మొదటిది ఊరు దాటలేదు, ఆ మాటకొస్తే గోడ దాటలేదు. ముందుగది నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి సర్వర్‌కి, సర్వర్ నుంచి వెనకగదికి వెళ్లింది. బయట ఏ తీగ తెగినా దానికి పట్టదు. రెండోది బయటికి పోవాలి, దారి లేదు. అయినా ఎక్కడా పడిపోలేదు. సర్వర్ డిస్కు మీద పదిలంగా రాసి ఉంది. దారి తెరుచుకుందేమో అని సర్వర్ దానంతటదే చూస్తూ ఉంటుంది.

ఈ ఓపిక యంత్రానికి ఊరికే రాలేదు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ మెయిల్ రవాణాకి ఓ నియమావళి రాశారు. ఆర్‌ఎఫ్‌సీ 821 అంటారు దాన్ని. ప్రపంచంలో ఈరోజుకీ ప్రతి మెయిల్ సర్వర్ మాట్లాడే ఎస్‌ఎమ్‌టీపీ భాషకి అదే పునాది. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి ఉత్తరం ఇచ్చాక, తీసుకున్న సర్వర్ 250 అనే అంకె వేసి జవాబు చెప్పాలి. తీసుకున్నాను అని దానర్థం. ఆ అంకె వేసిన క్షణం నుంచి బాధ్యత తీసుకున్నవాడిది. ఉత్తరం చేర్చాలి, చేర్చలేకపోతే చేర్చలేకపోయానని పంపినవాడికి చెప్పాలి. మూడో దారి లేదు. చడీచప్పుడు లేకుండా పారేయడం కుదరదు. మనుషుల ఆఫీసుల్లో ఇంత నిక్కచ్చిగా ఉన్న రూలు నేను ఎక్కువ చూడలేదు. ఈ పని మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క రూలు చదివాకే.

అవతలి సర్వర్ తీసుకోకపోతే దానికీ అంకెలున్నాయి. నాలుగుతో మొదలైతే ఇప్పుడు కుదరదు, మళ్లీ రా అని. ఐదుతో మొదలైతే ఇక రావద్దని. 550 వచ్చిందంటే చాలాసార్లు ఆ పేరున్న మనిషి అక్కడ లేడని అర్థం. లైనే లేనప్పుడు అంకె కూడా రాదు, అప్పుడూ మళ్లీ ప్రయత్నించడమే. 2008లో తిరగరాసిన నియమావళి, ఆర్‌ఎఫ్‌సీ 5321, కనీసం నాలుగైదు రోజులైనా ప్రయత్నం మానొద్దంటుంది. మేం వాడే పోస్ట్‌ఫిక్స్, ఐబీఎమ్ పరిశోధనశాలలో ఉండగా వీట్సె వెనెమా రాసి 1998లో ఉచితంగా విడుదల చేసిన ప్రోగ్రాం, ఎవరూ ఏమీ మార్చకపోతే ఐదు రోజులు ప్రయత్నిస్తుంది. మొదట ఐదు నిమిషాలకోసారి, తర్వాత ఎడం పెంచుకుంటూ పోయి గంటా ఏడు నిమిషాల దాకా. కోనసీమలో తుపాను వచ్చిపోయి స్తంభాలు మళ్లీ లేవడానికి పట్టే కాలం తెలిసినవాళ్లకి ఐదు రోజులంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇందులో ఎక్కువమందికి తెలియని సంగతి ఇంకోటుంది. మన లైను పోయినప్పుడు మనకి రావలసిన ఉత్తరాలకి ఏమీ కాదు. చెన్నైలో, దుబాయ్‌లో, అమెరికాలో ఉన్న సర్వర్లు వాటిని తమ క్యూల్లో పెట్టుకుని కూర్చుంటాయి. మనం ఎవరో, కాట్రేనికోన ఎక్కడో వాటికి తెలియనక్కర్లేదు. లైను వచ్చిన కాసేపటికి సర్వర్ రాసుకునే చిట్టాలో, అదే లాగ్‌లో, వరసగా పేర్లు దిగుతుంటే చూడాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి ఈ తీరమంతా ఛిద్రమైంది. బలుసుతిప్ప, భైరవపాలెం మత్స్యకారులు ఎందరో సముద్రంలోనే పోయారు. ఆ తర్వాత ఈ ఊళ్లల్లో కబురు కోసం ఎదురుచూసినవాళ్లని అడిగితే తెలుస్తుంది, పంపిన మాట ఎక్కడో ఒకచోట భద్రంగా ఉందని తెలియడం ఎంత ధైర్యమో.

అయితే క్యూలో ఉందన్న సంగతి పంపినవాళ్లకి తెలియాలి కదా. పోస్ట్‌ఫిక్స్‌లో దానికి ఏర్పాటుంది, కానీ మామూలుగా ఆపి ఉంచుతారు. నేను తెరిచాను. మెయిల్ గంటసేపు ఆగిపోతే పంపినవాళ్లకి ఓ చీటీ వెళుతుంది. మొదట్లో ఆ చీటీ ఇంగ్లీషులో వెళ్లేది. అందులో వార్నింగ్ అన్న మాట చూడగానే మావాళ్లు కంగారుపడి అదే మెయిల్ మళ్లీ పెట్టేవారు, ఇంకోసారి పెట్టేవారు. లైను వచ్చాక కొనుగోలుదారుడికి ఒకే ఇన్‌వాయిస్ మూడుసార్లు చేరేది. ఏది సరైనదని ఫోను. ఆ చీటీ మాటల్ని మార్చుకునే వీలు ఆ ప్రోగ్రాంలోనే ఉంది కాబట్టి కూర్చుని తెలుగులో రాశాను: "అయ్యా, మీ ఉత్తరం మన సర్వర్‌లోనే ఉందండి. బయటి లైను లేక ఆగింది. మళ్లీ పంపనక్కర్లేదు. ఐదు రోజుల వరకూ ప్రయత్నం జరుగుతూనే ఉంటుంది. అప్పటికీ చేరకపోతే మీకు చెబుతాం." ఆ ఐదు వాక్యాలకి పట్టినంత ఆలోచన నాకు సర్వర్ పెట్టడానికి పట్టలేదు. ఆ తర్వాత మూడేసి కాపీలు వెళ్లడం ఆగిపోయింది.

తెలుగులో రాయగలిగామంటే దాని వెనకా కథ ఉంది. ఎస్‌ఎమ్‌టీపీ పుట్టినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు తప్ప వేరేవి మోయలేదు. 1992లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతి తెచ్చాకే ఫొటోలూ ఇతర లిపులూ మెయిల్‌లో ప్రయాణం కట్టాయి. అయినా మన ఆఫీసుల్లో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేసి పంపేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే కొక్కిరిగీతలే. ఉత్తరం చేరేది, మాట చేరేది కాదు. యూనికోడ్ అలవాటయ్యాక ఆ బాధ తీరింది. మెయిల్‌లో వాడే యూటీఎఫ్-8 యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి, మెయిల్‌లో మోసేందుకు మూటకడితే ఇంకో మూడోవంతు పెరుగుతుంది. అది పెద్ద ఖరీదు కాదు. ఫొటోలకి మాత్రం ఆ మూడోవంతు బరువే. ఒకే ఫోను లైను, ఒక మోడెమ్ ఉన్న రోజుల్లో పొద్దునోసారి సాయంత్రమోసారి బయటికి కలిపి అందరి మెయిళ్లూ ఒక్కసారే తెచ్చుకునేవాళ్లం. 33.6 కిలోబిట్ల మోడెమ్ మీద ఒక్క మెగాబైటు ఫొటో దాదాపు ఆరు నిమిషాలు లైనంతా పట్టేసేది. లోపలి మెయిల్‌కి ఫోను అక్కర్లేదు; చిన్న ఆఫీసులు సొంత సర్వర్ పెట్టుకున్నది అసలు అందుకే.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. మా వైపు ఈదురుగాలికే కరెంటు తీస్తారు, తీయకపోతే తీగల మీద కొబ్బరిమట్ట పడి అదే పోతుంది. ఉత్తరం డిస్కు మీద రాస్తుండగా సగంలో కరెంటు పోతే? పాత పద్ధతిలో ఒక్కొక్కరి ఉత్తరాలన్నీ ఒకే పెద్ద ఫైలులో ఒకదాని కింద ఒకటి ఉండేవి. మధ్యలో దెబ్బతింటే దాని తర్వాతవి వెతుక్కోవలసిందే. డి.జె. బెర్న్‌స్టైన్ మెయిల్‌డిర్ అనే పద్ధతి తెచ్చారు. ఒక ఉత్తరానికి ఒక ఫైలు. ఒక్కో మనిషికి మూడు అరలు: టెంప్, న్యూ, కర్. వచ్చే ఉత్తరం ముందు టెంప్‌లో రాస్తారు. పూర్తిగా రాయడం అయ్యాకే ఫైలు న్యూ అరలోకి జరుగుతుంది. మనిషి పెట్టె తెరిచాక కర్‌లోకి. సగం రాసిన ఉత్తరం ఎప్పటికీ న్యూలోకి రాదు, ఎవరి కంటా పడదు. కరెంటు వచ్చాక టెంప్‌లో మిగిలిన తుక్కు ఊడ్చేస్తే సరి. అరలో పూర్తిగా చేరేదాకా ఉత్తరం సర్వర్ క్యూలోనే ఉంటుంది కాబట్టి అది మళ్లీ రాస్తుంది. ఎక్కడో ఒకాయన కూర్చుని ఆలోచించిన పద్ధతి కాట్రేనికోనలో గాలివాన రోజున కాపాడింది. ఇలాంటి పనితనం చూస్తే నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఉప్పుగాలితో తంటా మాత్రం ఏ నియమావళిలోనూ ఉండదు. సముద్రం దగ్గర కదా, కేబుల్ కొసన ఉండే రాగి మొనలు నల్లబడిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది, మెయిల్ నత్తనడక నడుస్తుంది. వర్షాలు వెనకబట్టాక కొసలన్నీ కోసి కొత్తవి వేయడం నా అలవాటు.

ఇక అన్నిటికన్నా నేను ముఖ్యం అనుకునేది. సర్వర్ చూసుకునేవాడికి ఆఫీసులో అందరి ఉత్తరాలూ తెరిచే అధికారం ఉంటుంది. తాళాలన్నీ అతని దగ్గరే. తెరవకూడదు. తెరవకుండానే పనంతా చేయవచ్చు, ఆ వీలు కూడా ఎస్‌ఎమ్‌టీపీ కట్టుబడిలోనే ఉంది. ఉత్తరం వేరు, పైన కవరు వేరు. సర్వర్లు చూసేది కవరే: ఎవరి నుంచి, ఎవరికి. లాగ్‌లో దిగేదీ అంతే, దానితోపాటు సైజు, టైము, చివర ఒక మాట: సెంట్, డిఫర్డ్, బౌన్స్‌డ్. చేరింది, ఆగింది, తిరిగొచ్చింది. ఎవరైనా వచ్చి "నా మెయిల్ ఏమైందండీ" అంటే ఆ ఒక్క వరుస చూసి జవాబు చెప్పవచ్చు. మా ఊరి పోస్ట్‌మ్యాన్‌కి ఏ ఇంటికి ఏ ఊరి నుంచి ఉత్తరం వస్తుందో తెలుసు, లోపల ఏముందో తెలియదు, తెలుసుకోడు. యజమాని అడిగినా సరే, ఏ కారణంతో, ఎవరి అనుమతితో అన్నది కాగితం మీద రాస్తేనే పెట్టె తెరుస్తాను. ఒకచోట ఈ మాట అన్నందుకు యజమాని కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. ఉండనీయండి. ఉద్యోగి జీతం గురించి, జబ్బు గురించి, కూతురి పెళ్లికి అడ్వాన్సు గురించి రాసుకున్నవి అందులో ఉంటాయి.

అదే చేత్తో ఇంకో పని కూడా చేయాలి: ఆఫీసు ఉత్తరాలు మనిషి పేరు మీద కాక పని పేరు మీద ఉండేలా చూడటం. అకౌంట్స్, కొనుగోళ్లు, ల్యాబ్ రిపోర్టులు. మనిషి మానేసినా, బదిలీ అయినా పని ఆగదు. అతని సొంత పెట్టెలోకి తొంగిచూడాల్సిన అవసరమూ రాదు.

ఇప్పుడందరూ వాట్సాప్ కదా అంటారు. రేట్లు అందులోనే తెలుస్తున్నాయి, బేరాలు అందులోనే తెగుతున్నాయి, ప్రభుత్వం కూడా 2025 జనవరిలో మన మిత్ర పేరుతో సేవలు అందులోనే పెట్టింది. మంచిదే, పల్లంలో ఉన్న మనిషికి అమలాపురం వెళ్లే శ్రమ తప్పుతుంది. కానీ బాకీ తగాదా వచ్చి కోర్టు మెట్లెక్కితే, ఫోను మార్చినప్పుడు పోయిన మాటలు ఎక్కడ వెతుకుతారు? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద కంప్యూటర్ రికార్డుకి ధ్రువపత్రం జతపరచాలి, దాని మీద ఆ కంప్యూటర్ బాధ్యత చూసేవారు సంతకం పెట్టాలి. మన గదిలో, మన డిస్కు మీద, తేదీల వారీగా బ్యాకప్ ఉన్న ఉత్తరాలకి ఆ సంతకం నిబ్బరంగా పెట్టగలను.

పూర్తిగా సొంతంగా నడపడం మునుపటంత తేలిక కాదన్నది నిజం. స్పామ్ భయంతో మామూలు బ్రాడ్‌బ్యాండ్ లైను నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ని పెద్ద సర్వర్లు గుమ్మంలోనే ఆపేస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రూలు బిగించాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్ లాంటి గుర్తింపులు డొమైన్ రికార్డుల్లో లేకపోతే మెయిల్ చేరుతుందన్న నమ్మకం లేదు. అందుకే నేను మధ్యేమార్గం పట్టాను. బయటికి వెళ్లేవి పేరున్న రిలే సర్వీసు ద్వారా పోతాయి. లోపలివి లోపలే తిరుగుతాయి. వచ్చినవన్నీ మా దగ్గరే నిలవ ఉంటాయి. అంతా క్లౌడ్‌కి ఇచ్చేయమని సలహా ఇచ్చేవారున్నారు. లైను ఎప్పుడూ ఉండే ఊళ్లో ఆ సలహా సరైనదే. ఇక్కడ మాత్రం లైను పోయిన రోజున పక్కగదికి మెయిల్ పంపాలన్నా ముంబై దాకా వెళ్లి రావాలంటే నేను ఒప్పుకోలేను.

కాట్రేనికోన, ముమ్మిడివరం చుట్టుపక్కల చిన్న ఆఫీసులు నడిపేవారు ఇది చదువుతుంటే ఓ రెండు పనులు. మీ డొమైన్ ఎవరి పేరు మీద కొన్నారో, ఏ తేదీకి గడువు తీరుతుందో, డబ్బు ఏ అకౌంటులోంచి కడుతున్నారో ఇప్పుడే చూడండి. అది మీకు కంప్యూటర్లు అమ్మిన కుర్రాడి సొంత పేరు మీద ఉంటే ఈ వారంలోనే ఆఫీసు పేరు మీదకి మార్పించుకోండి. గడువు దాటిన డొమైన్‌కి ఐదు రోజుల క్యూ కూడా అక్కరకు రాదు. అవతలి సర్వర్‌కి మీ చిరునామానే దొరకదు, ఉత్తరం అక్కడికక్కడే తిరిగిపోతుంది. ఇంకోటి, ప్రతి మెయిల్ డొమైన్‌లోనూ పోస్ట్‌మాస్టర్ అనే పెట్టె ఉండి తీరాలని నియమావళి చెబుతుంది. మీకు మెయిల్ చేరడం లేదని బయటివాళ్లు చెప్పేది దానికే. మీ ఆఫీసులో దాన్ని ఎవరు తెరుస్తున్నారో కనుక్కోండి. ఎవరూ తెరవడం లేదంటే, రోజూ పొద్దున చూసే పని ఒకరికి పేరుపెట్టి అప్పగించండి.