కెర్నెల్ కూర్పులో మూడక్షరాలు

లినక్స్ కెర్నెల్ సోర్సు దింపుకుని, ఆ డైరెక్టరీలో 'మేక్ మెనూకన్ఫిగ్' అని కొడితే టెర్మినల్ నిండా నీలం తెర పరుచుకుంటుంది. ప్రాసెసర్ రకం, ఫైల్ సిస్టమ్‌లు, నెట్‌వర్క్, డ్రైవర్లు... మెనూలో మెనూ. మొత్తం ఆప్షన్లు పదిహేను వేల పైమాటే. జవాబు మాత్రం చాలావాటికి మూడక్షరాల్లో ఒకటి. 'వై' అంటే ఆ కోడ్ కెర్నెల్లోనే కలిసిపోతుంది. 'ఎం' అంటే విడి మాడ్యూల్‌గా తయారై, అవసరం పడ్డప్పుడు వచ్చి చేరుతుంది. 'ఎన్' అంటే అసలు కంపైలే కాదు.

డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన కెర్నెల్‌తోనే ఇప్పుడు అందరి పనీ జరిగిపోతోంది. అయినా కంప్యూటర్ చదువుకునేవాళ్లు ఒక్కసారైనా ఈ పని చేతులారా చేసి తీరాలంటాను. మన పెట్టెలో ఏ చిప్ ఉందో, డిస్క్ ఏ రకమో, ఏ ఫైల్ సిస్టమ్ మీద నడుస్తున్నామో ఇంత వివరంగా మనచేత చెప్పించే పని మరొకటి లేదు.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ కెర్నెల్‌కు తొలినాళ్లలో మెనూలేమీ లేవు. తర్వాత వచ్చిన 'మేక్ కన్ఫిగ్' ఒక్కో ప్రశ్నే వరసగా అడుగుతుంది. ఒకటి తప్పు కొడితే వెనక్కి వెళ్లడానికి దారి ఉండదు. పాత ఏర్పాటు స్థానంలో ఎరిక్ రేమండ్ సీఎంఎల్2 అనే కొత్త భాషను తెచ్చినా కెర్నెల్ డెవలపర్లు ఒప్పుకోలేదు. చివరికి 2002లో రోమన్ జిపెల్ రాసిన కేకన్ఫిగ్ నిలబడింది. పైన చెప్పిన మెనూ వెనక నేటికీ ఉన్నది అదే.

వై, ఎంల మధ్య తేడా ఎంత పనిచేస్తుందో చూడాలంటే రూట్ డిస్క్‌ను చూడాలి. ఎన్‌వీఎంఈ డిస్క్ మీద ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ ఉందనుకుందాం. ఆ రెండు డ్రైవర్లకూ ఎం పెట్టాం. మాడ్యూళ్లుండేది డిస్క్‌లో, డిస్క్‌ను చదవాలంటే ఆ మాడ్యూళ్లే కావాలి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్ సిస్టమ్ ముందుగా మెమరీలోకి వచ్చి వాటిని అందిస్తే సరే, లేకపోతే రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానంటూ కెర్నెల్ ప్యానిక్ అవుతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ వద్దనుకునేవాళ్లు ఈ రెండిటికీ వై పెట్టక తప్పదు.

కావలసిన ఆప్షన్ మెనూలో కనబడకపోతే కంగారు అక్కర్లేదు. అది ఆధారపడిన మరో ఆప్షన్ ఆఫ్‌లో ఉండొచ్చు. స్లాష్ నొక్కి పేరు కొడితే అది ఎక్కడుందో, దేనిమీద ఆధారపడిందో చూపిస్తుంది. ప్రతి ఆప్షన్ దగ్గరా హెల్ప్ చదవండి. ఆ హార్డ్‌వేర్‌తో కుస్తీ పట్టినవాళ్లు రాసిన మాటలవి. తెలియకపోతే ఎన్ అనండి అని చాలాచోట్ల వాళ్లే చెబుతారు. కెర్నెల్ గురించి ఇంత నిజాయితీగా రాసిన పాఠ్యపుస్తకాలు తక్కువని నా అభిప్రాయం.

కొత్తవాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టొద్దు. నడుస్తున్న డిస్ట్రిబ్యూషన్ జవాబులన్నీ దాచుకున్న కన్ఫిగ్ ఫైల్ సాధారణంగా బూట్ డైరెక్టరీలోనే దొరుకుతుంది. దాన్ని తెచ్చుకుని 'మేక్ లోకల్‌మాడ్‌కన్ఫిగ్' నడిపితే, ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లను ఉంచి మిగతావాటిని తీసేస్తుంది. గంటల తరబడి సాగే కంపైల్ దీంతో ఎంతో తగ్గుతుంది. అయితే ఆ సమయానికి ప్రింటరో పెన్‌డ్రైవో తగిలించి లేకపోతే వాటి డ్రైవర్లూ ఎగిరిపోతాయి. అందుకే వాడే పరికరాలన్నీ ముందే తగిలించి, ఒకసారి వాడి చూసి, అప్పుడు ఆ కమాండ్ ఇవ్వాలి.

కోత వల్ల లాభం వేగం ఒక్కటే కాదు. 4 మెగాబైట్ల ఫ్లాష్ ఉన్న పాత రౌటర్లో వాడని డ్రైవర్‌కు చోటెక్కడ? పైగా కంపైలే కాని కోడ్‌లో లోపమున్నా దాని గుండా మన యంత్రంలోకి ఎవరూ దూరలేరు.

కంపైల్‌కు ముందు లోకల్‌వెర్షన్ ఆప్షన్లో మనదైన పేరొకటి చేర్చాలి. అప్పుడు కొత్త మాడ్యూళ్లు పాతవాటి మీద పడవు, పాత కెర్నెల్ బూట్ మెనూలో భద్రంగా ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు 'మేక్ ఓల్డ్‌కన్ఫిగ్' పాత జవాబులను అలాగే ఉంచి, కొత్తగా చేరిన ప్రశ్నలే అడుగుతుంది. కన్ఫిగ్‌ను కెర్నెల్లోనే దాచే ఐకేకన్ఫిగ్‌కూ, దాన్ని ప్రాక్ ఫైల్ సిస్టమ్‌లో చూపించే ఆప్షన్‌కూ వై పెట్టి ఉంటే, కన్ఫిగ్ ఫైల్ పోయినా నడుస్తున్న కెర్నెల్‌నే అడిగి తీసుకోవచ్చు.