‘వచ్చాడు’, ‘వచ్చింది’కి మధ్య

ఉర్సులా లెగ్విన్ 1969లో రాసిన ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ నవల గెథెన్ అనే మంచు గ్రహం మీద జరుగుతుంది. అక్కడి మనుషులు ఎక్కువ రోజులు ఆడా కారు, మగా కారు. సుమారు 26 రోజులకోసారి వచ్చే ‘కెమ్మర్’ అనే లైంగిక దశలో ఎవరు ఏమవుతారో ముందుగా తెలియదు. ఒక బిడ్డను కన్నవారే మరో బిడ్డకు తండ్రి కావచ్చు. రాజుకూ కడుపు వస్తుంది. ఇంత ఊహించిన రచయిత్రి వాళ్లందరినీ ‘హీ’ అనే రాశారు. దాంతో పదవి పోయిన ప్రధాని ఎస్ట్రావెన్, హిమానీనదం మీద బండి లాగుతూ మనకు మగవాడిలాగే కనిపిస్తాడు. చూడండి, నా వాక్యమూ ‘కనిపిస్తాడు’ దగ్గరే ఆగింది. ఊహ ఎంత గొప్పదైనా వాక్యం దాన్ని మోయకపోతే పాఠకుడికి అందేది పాత లోకమే.

కథ బాగుంటే చాలదా, సర్వనామంతో పనేమిటని అడగవచ్చు. 1976 నాటి వ్యాసంలో లెగ్విన్ కూడా ‘హీ’నే సమర్థించుకున్నారు. దశాబ్దం తర్వాత అదే వ్యాసానికి టిప్పణి రాస్తూ తన మాటను తానే కాదన్నారు. ఆన్ లెకీ 2013లో ‘యాన్సిలరీ జస్టిస్’లో అందరినీ ‘షీ’ అన్నారు. మూస తిరగేయడమే కదా అంటే, పూర్తిగా కాదు. ‘హీ’కి అలవాటుపడ్డ కన్ను దాన్ని గమనించదు, ‘షీ’ దగ్గర తడబడుతుంది. ఆ తడబాటే నవలకు కావలసింది. అయితే రెండింటికీ చెందని మనిషికి అదీ చాలదు.

తెలుగులో చిక్కు సర్వనామంతో తీరదు. ‘తను’ అని తప్పించుకుందామన్నా క్రియ పట్టిస్తుంది: తను వచ్చాడు, తను వచ్చింది. పైగా ఆ ‘వచ్చింది’ ఆడమనిషికీ బస్సుకీ ఒకటే. కానీ దారులూ మన దగ్గరే ఉన్నాయి. హిందీలో ‘నేను’ అన్నా క్రియలో లింగం బయటపడుతుంది, మన ‘వచ్చాను’, ‘వచ్చావు’ల్లో పడదు. ‘వచ్చారు’లోనూ లేదు. దొంగనీ చంటిబిడ్డనీ ‘వచ్చారు’ అంటామా, అంత మర్యాద కథకు దూరం పెంచదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే అదొక్కటే వాడకూడదు. ‘రాలేదు’, ‘రావాలి’, ‘రావచ్చు’ ఎవరికైనా సరిపోతాయి. ఉత్తమ పురుష కథనంలో, సంభాషణలో, ఈ క్రియల్లో ఒక పాత్రను చివరిదాకా నడపడం కష్టమే గానీ అసాధ్యం కాదు.

ఇదంతా పరాయి ముచ్చట అనుకోనక్కర్లేదు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను థర్డ్ జెండర్‌గా గుర్తించింది. దరఖాస్తు ఫారాల్లో మూడో గడి వచ్చింది. మన ప్రథమ పురుష ఏకవచన క్రియలో ఇంకా రాలేదు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసేవారు కొత్త గ్రహాన్ని వెతికే ముందు, ఒక్క కథలోనైనా ఆ క్రియతో కుస్తీ పట్టి చూడాలి.