తలుపు తీసి ఉంటే

రహమత్ నగర్‌లో మా పక్క పోర్షన్ కుర్రాడు కృష్ణానగర్‌లో ఓ డైలాగ్ రైటర్ దగ్గర అసిస్టెంటు. మొన్న ఆదివారం ఇద్దరం కలిసి ‘పెళ్ళి చూపులు’ (2016) మళ్ళీ చూశాం. “ఫస్ట్ మీటింగ్‌లో కొంచెం టీజింగ్ ఉండాలన్నా, లేకపోతే సీన్ లేవదు” అన్నాడు. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

టీజింగ్‌కి మనకి రెండు మాటలున్నాయి: ఆటపట్టించడం, ఏడిపించడం. మొదటిదాంట్లో ఆట ఉంది. రెండోదాంట్లో ఏముందో చెప్పక్కర్లేదు. ఈ రెంటి మధ్య హద్దు చూసుకునేది వరస. బావామరదళ్ళు పరాచికాలాడుకుంటారు; శ్రుతి మించితే మందలించే పెద్దలు అక్కడే ఉంటారు, మాటకు మాట అప్పజెప్పే చనువు అవతలివాళ్ళకీ ఉంటుంది (ఎప్పుడూ ఉండేదని కాదులెండి). మన సినిమా ముక్కూమొహం తెలియని అమ్మాయి మీద హీరోకి ఆ చనువంతా రాసిచ్చేసింది. పైగా పక్కన నవ్వడానికి ఓ బ్యాచ్. ‘అర్జున్ రెడ్డి’ (2017) దగ్గరికొచ్చేసరికి ఆట కూడా పోయింది, క్లాసులో నిలబడి ప్రకటించడమే మిగిలింది.

ఆ క్లాస్‌రూమ్ నాకు తెలుసు. మా కాలేజీలో దాన్ని ‘ఇంట్రో’ అనేవాళ్ళం. ర్యాగింగ్ మీద రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అయినా ఓ జూనియర్ని నిలబెట్టి పాట పాడమన్నాం. పాడాడు, బాగానే పాడాడు. మేం నవ్వాం, వాడూ నవ్వాడు. ఆ నవ్వుని చాలా ఏళ్ళు ఒప్పుకోలు కిందే లెక్కేసుకున్నాను.

‘పెళ్ళి చూపులు’లో తరుణ్ భాస్కర్ చేసింది వేరే. వరస కుదురుతుందేమోనని ఇద్దరు కొత్తవాళ్ళని కూర్చోబెట్టే తంతు అది. తీరా చూస్తే వచ్చినవాళ్ళు తప్పు ఇంటికొచ్చారు! అంటే ఆ గదిలో ఆడిన మాటలకి ఏ వరసా దన్ను లేదు. ప్రశాంత్ నవ్వులాటకి ముందు తననే పెట్టుకుంటాడు: ఈడ్చుకొచ్చిన ఇంజినీరింగ్, బద్ధకం, అన్నీ తనే చెప్పేస్తాడు. చిత్ర నవ్వితే అది మొహమాటపు నవ్వు అనిపించదు. సీన్ లేచింది అందుకే.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. తలుపు పడిపోయింది, ఇద్దరూ బయటికి వెళ్ళలేరు. వెళ్ళే వీలుంటే చిత్ర అంతసేపు కూర్చునేదా? సినిమా ఆ ప్రశ్న జోలికి పోలేదు.

ఇదే మావాడితో అంటే, “తలుపు తీసుంటే సీన్ ఎట్లన్నా?” అన్నాడు.

రాసి చూడమన్నాను. ఇంకా రాస్తున్నాడు.